పన్నెండేళ్ల గడువు

కర్నూలు జిల్లా మద్దికెరలోని శనక్కాయ చేనొకదాన్ని హద్దులతో సహా ఒంటిమీద రాసుకున్న తనఖా డిక్రీ చెప్పుకున్న కథ ఇది. డిక్రీలో వాది, ప్రతివాదులకే తప్ప ‘నేను’కు చోటుండదు. అందుకే తన గురించి కూడా అది ‘ఈ డిక్రీ’ అనే చెప్పుకుంటుంది.

ఈ డిక్రీ రెండు విడతల్లో పుట్టింది. ఫలానా తేదీలోగా అసలు, వడ్డీ, ఖర్చులు కట్టమంటూ మొదట ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది. బాకీదారు కట్టలేదు. ఫైనల్ డిక్రీకి మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. అప్పిచ్చింది భర్త పోయిన ఒక పెద్దావిడ. ఆవిడ దరఖాస్తు సకాలంలోనే పెట్టించింది. చేను వేలానికి ఫైనల్ డిక్రీ వచ్చింది. 1963 లిమిటేషన్ చట్టం 136వ ఆర్టికల్ కింద అమలుకు 12 ఏళ్లు.

తప్పు ఆస్తి వివరాల షెడ్యూల్లో దొర్లింది. దస్తావేజులో సర్వే నంబరు 241, డిక్రీలో 214. తూర్పున వంక, పడమట బండిదారి, హద్దులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ‘ఈ పంట చేతికి రానీ’ అని బాకీదారు ఏటా బతిమాలుతుంటే ఆవిడ ఆగింది. పదకొండో ఏట అమలు పిటిషన్ (ఈపీ) వేద్దామని ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయిస్తే, ఆ నంబరు మీద ఇంకో రైతు పేరొచ్చింది.

రాతలో, లెక్కలో దొర్లిన తప్పులను కోర్టు ఎప్పుడైనా దిద్దొచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 152వ సెక్షన్ చెబుతుంది. నంబరు దిద్దారు.

“ఇంక తొందరేం లేదమ్మా, సవరణ తేదీ నుంచి లెక్కేసుకోవచ్చు” అన్నాడు ప్లీడరు గుమాస్తా.

“అట్లయితే ఊళ్లో దసరా గుర్రాల పందెం కానీ నాయనా, అప్పుడు చూద్దాం” అందావిడ.

గుమాస్తా గాల్లోంచి తీసిన మాట కాదది. 1908 లిమిటేషన్ చట్టం 182వ ఆర్టికల్లో గడువు మూడేళ్లే. కానీ డిక్రీని సవరిస్తే సవరించిన తేదీ నుంచి లెక్క. ఈ ప్రాంతం అప్పట్లో మద్రాసు ఏలుబడిలో ఉండేది. 1938 మద్రాసు రైతు రుణ విమోచన చట్టం కింద కోర్టులు బాకీలు తగ్గించి డిక్రీలు సవరించేవి. బాకీ మొత్తమే మారినప్పుడు కొత్త తేదీ ఇవ్వడం న్యాయం.

1964 జనవరి 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టం 12 ఏళ్లిచ్చింది, సవరణ తేదీ మాట మాత్రం తీసేసింది. గడువు డిక్రీ అమలుకు వీలైన రోజు నుంచే నడుస్తుంది. తప్పువల్ల అమలే అసాధ్యమైతే వాదించే చోటుంది. హద్దులు చేనును చూపిస్తుంటే ఆ వాదన నిలవడం కష్టం. స్టే ఉన్న కాలాన్ని 15వ సెక్షన్ తీసేయమంటుంది, సవరణ కోసం తిరిగిన కాలాన్ని కాదు. ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షన్ ఈపీలకు వర్తించదు. చిరంజీలాల్ వర్సెస్ హరిదాస్ కేసులో 2005లో సుప్రీంకోర్టు, పంపకాల డిక్రీని స్టాంపు కాగితం మీదికి ఎక్కించడంలో జరిగిన ఆలస్యం గడువును ఆపదంది.

దసరా వెళ్లింది, పన్నెండో ఏడూ వెళ్లింది. ఈపీ కాలదోషం పట్టిందని కొట్టేశారు. బాకీ ఉంది, వేలం హక్కు పోయింది. ఒక వృద్ధురాలి చేతిలోని చివరి ఆధారం ఇలా పోవడం ఈ డిక్రీకి ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడా గుమాస్తా, తప్పున్న నకలు వస్తే ముందు ఫైనల్ డిక్రీ తేదీ చూస్తాడు. దిద్దుబాటు పిటిషన్‌తో పాటే ఈపీ కూడా వేయిస్తాడు.