బిడ్డ ఆమె దగ్గర, డబ్బు మన దగ్గర: తండ్రులకు పనికొచ్చే చిట్కాలు

విడాకులు వచ్చేశాయి. పిల్లాడి కస్టడీ మొత్తం తల్లికే ఇచ్చారు. చాలామంది తండ్రులు ఇక్కడే ఢీలా పడిపోతారు. ఎందుకండీ? పొద్దున్నే లేపి స్కూలు ఆటో ఎక్కించే పని తప్పింది. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ పట్టుకుని కూర్చునే పనీ తప్పింది. ఇక మిగిలింది నెలనెలా మనోవర్తి ఒక్కటే. కాస్త తెలివి, బోలెడంత బద్ధకం ఉంటే దాన్నీ వదిలించుకోవచ్చు. వరసగా పాటించండి, మధ్యలో మానేస్తే ఫలితం దక్కదు.

1. ముందు ఒక సిద్ధాంతం పట్టుకోండి: "బిడ్డ ఎవరి దగ్గరుంటే ఖర్చూ వాళ్లదే." పెళ్లి భోజనాల బంతిలో కూర్చుని గట్టిగా చెప్పండి, నలుగురూ తలాడిస్తారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ గానీ, 2024 జులై నుంచి దాని చోట వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ గానీ బిడ్డ ఏ గడపలో ఉన్నాడని చూడవు, స్తోమత ఉన్న తండ్రి పోషించాలనే అంటాయి. అందుకే వాటిని చదవకండి. బంతిలో పక్కన కూర్చున్న మావయ్యకు తెలిసినంత చట్టం చాలు.

2. "పిల్లాడికి పైసా అడగను" అని ఆమె చేత వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించుకోండి. నోటరీ చేయించి, లామినేషన్ కూడా కొట్టించండి. బిడ్డ హక్కును తల్లి రాసిచ్చేయలేదని కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అయినా లామినేషన్ చేసిన కాగితం చేతిలో ఉంటే వచ్చే ధీమాయే వేరు.

3. కోర్టు నోటీసు వస్తే తలుపు తీయకండి. "ఊళ్లో లేరు" అని పక్కింటావిడ చేత చెప్పించండి. తప్పించుకు తిరుగుతున్నారని జడ్జిగారికి రూఢి అయితే మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇచ్చేస్తారు. ఆమె చెప్పిన లెక్కే వినిపిస్తుంది, మీకు నోరు నొప్పి ఉండదు. దాన్ని రద్దు చేయమని అడగడానికి మూడు నెలల గడువుంటుంది. ఆ మూడు నెలలూ తలుపు తీయకండి.

4. ఉద్యోగం మానేయండి. ఆదాయమే లేకపోతే మనోవర్తి ఎక్కణ్నుంచి వస్తుంది? ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి పని చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు అంది. కాబట్టి కోర్టుకు దగ్గుతూ వెళ్లండి. మెట్లెక్కేటప్పుడు మరీ గట్టిగా దగ్గండి.

5. ఇక అసలు విద్య, అఫిడవిట్. 2020 నవంబరులో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి ఇరువైపులా ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణం చేసి రాయాలి. చేతిరాత బాగున్నవాళ్లకు ఇదొక వరం. ఫ్లాటు అమ్మ పేర, కారు బావ పేర, బంగారం లాకరులో, లాకరు చెల్లెలి పేర పెట్టండి. ఆదాయం దగ్గర సున్నా చుట్టండి. సున్నా గుండ్రంగా ఉండాలి సుమా! ఆ సాయంత్రమే గోవా వెళ్లి బీచ్‌లో ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టండి. మాజీ బావమరిది దాన్ని స్క్రీన్‌షాట్ తీస్తాడు, తీయనివ్వండి, మంచి ఫొటో నలుగురూ దాచుకోవాలి. కోర్టులో అబద్ధపు సాక్ష్యం రుజువైతే ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చని మీ వకీలు గొణుగుతాడు. ఫీజు పెంచడానికి అలాగే అంటారు.

6. ఇవ్వక తప్పని నెలలో బ్యాంకులో మాత్రం వేయకండి. నగదుగా, అదీ పిల్లాడి చేతికే, రసీదు లేకుండా ఇవ్వండి. రేపు మీరు ఇచ్చినట్టు మీరే రుజువు చేసుకోలేరు, అంత గుట్టుగా సాగిపోతుంది వ్యవహారం. ఒక నోటుబుక్కు పెట్టి ప్రతిదీ రాయండి. పుట్టినరోజు చొక్కా, 600. పానీపూరీ, 40. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్, 80, మీరు ఎక్కినదీ వాడి ఖాతాలోనే వేయండి. వేసవి సెలవులకు పది రోజులు మీ ఇంటికొస్తే ఆ పది రోజుల అన్నం లెక్కకట్టి మనోవర్తిలోంచి కోసుకోండి. పెరుగు విడిగా. మామిడిపళ్లు బుట్టలెక్కన కాదు, కాయలెక్కన.

7. "చూపించనిదే ఇవ్వను" అని భీష్మించండి. చూడటానికి కోర్టు రోజు కేటాయిస్తే ఆ రోజు పని పడిందని చెప్పండి. స్కూలు ఫీజు కట్టలేదని పిల్లాడిని క్లాసులో నిలబెడితే ఫోన్ చేసి, "మీ అమ్మనడుగు నాన్నా" అనండి. తొమ్మిదేళ్ల పిల్లలకు జ్ఞాపకశక్తి బాగుంటుంది, ఒక్కసారి చెబితే చాలు.

8. వాయిదాలు అడగండి. ఆ రజనీష్ తీర్పు ప్రకారమే మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క. మీరు సంపాదించిన ప్రతి వాయిదా చిట్టీ పాటలా పేరుకుంటూ, చివర్లో ఒకేసారి మీ మీద పడుతుంది. చిన్న మొత్తాలు ఎవరికి కావాలి?

9. వారెంట్ వస్తే కంగారొద్దు. చెల్లించని ప్రతి నెలకూ ఒక నెల వరకు జైలు. అక్కడ అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. బయటికొచ్చాక బకాయి తీరిపోయిందని ఊరంతా చెప్పండి. జైలు డబ్బు రాబట్టే మార్గమే తప్ప బాకీ తీర్చినట్టు కాదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చేసింది, కానీ ఊరికి ఆ సంగతి తెలియదు. పొరపాటున ఉద్యోగం మానకపోయి ఉంటే ఇంకో అదృష్టం. మనోవర్తి డిక్రీ అమలులో జీతంలో మూడో వంతుకే రక్ష, మిగతా రెండు వంతులదాకా జప్తు చేయొచ్చు. ఆఫీసులో మీ పేరు తెలియనివాళ్లు ఇక ఉండరు.

10. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్యలు అక్కడి మనోవర్తి బాకీ 2,500 డాలర్లు దాటనివ్వండి. పాస్‌పోర్టు ఇవ్వరు. సంక్రాంతికి ఊరు రావాల్సిన బెడద పోతుంది.

11. ముసలితనం గురించి బెంగ అసలే వద్దు. స్తోమత ఉన్న బిడ్డ తనను తాను పోషించుకోలేని తల్లిదండ్రులను చూడాలని అదే 144వ సెక్షన్ చెబుతుంది. అప్పుడు మీరే పిటిషన్ వేసి మీవాడికి నోటీసు పంపండి. తలుపు మాత్రం తీయడు.