మూడు రోజుల పథ్యం

రక్తపరీక్షకు మూడు రోజుల ముందు మన షుగర్ పేషెంటుగారిలో ఒక మహాత్ముడు మేల్కొంటాడు. అన్నం గిన్నె వంక కన్నెత్తి చూడడు. పొద్దున మెంతుల నీళ్లు, మధ్యాహ్నం జొన్నరొట్టె, సాయంత్రం కాకరకాయ రసం. అటకెక్కిన బూట్లు దిగొస్తాయి. నాలుగో రోజు ల్యాబులో పరగడుపున రక్తం ఇచ్చి, రెండో శాంపిల్ కోసం రెండంటే రెండు ఇడ్లీలు, అదీ చట్నీ మానేసి, తింటాడు. ఇంట్లో ఏనాడైనా రెండు ఇడ్లీలతో లేచిన మనిషా! రెండో సూది తీసి దూది అద్దగానే ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్లో నెయ్యి కారం దోశ, ఆపైన చక్కెర దండిగా వేసిన టీ. పబ్లిక్ పరీక్షలు రాసి బయటపడ్డ ఇంటర్ కుర్రాడి ముఖంలో కూడా అంత వెలుగు ఉండదు.

ఫాస్టింగ్ 118. ఫ్యామిలీ గ్రూపులో రిపోర్టు, కింద వరసగా దండాల బొమ్మలు.

ఈ సంబరాన్ని చెడగొట్టడానికే హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఒకటుంది. ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. బతికినన్నాళ్లూ రక్తంలోని చక్కెర దాని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూనే పోతుంది. మూడు రోజుల మెంతుల నీళ్లకు అది కరగదు. ఉగాది బొబ్బట్లు, మేనకోడలి పెళ్లిలో మొహమాటం లేకుండా అడిగి వేయించుకున్న రెండో పూతరేకు, రాత్రి పదింటికి పెరుగన్నంలో నంజుకున్న మామిడిపండు, అన్నీ కలిసి అక్కడ లెక్క తేలతాయి. ఏడు లోపు ఉండాల్సింది తొమ్మిది దాటుతుంది. అప్పుడు ఆయనగారు తిండిని అనుమానించరు, ల్యాబును అనుమానిస్తారు. "వీళ్ల మిషన్లన్నీ దొంగ మిషన్లండీ" అని ఊరి ఆ చివర ఉన్న ఇంకో ల్యాబుకు, మళ్లీ మూడు రోజుల పథ్యం చేసి మరీ వెళతారు.

ఇంట్లో గ్లూకోమీటర్ లేదా అంటే, లేకేం? డాలస్ నుంచి అబ్బాయి పంపాడు. బీరువాలో పట్టుచీరల పక్కన భద్రంగా ఉంది. దసరాకు బైకుతోపాటు దానికీ బొట్టు పెట్టారు. స్ట్రిప్పుల గడువు తీరిపోయిందన్న సంగతి మాత్రం ఎవరూ చూడలేదు.

ఈ మీటరు కోసం ఒకాయన పడ్డ పాట్లు చెబుతాను. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అని అమెరికా ఇంజనీరు. చిన్నప్పటి నుంచీ షుగరే. 1969లో ఇలాంటి యంత్రం ఒకటి ఉందని తెలిసింది. కానీ డాక్టర్లకు తప్ప అమ్మరట. ఆయన భార్య డాక్టరు కాబట్టి ఆమె పేరు మీద తెప్పించుకున్నాడు. రోజుకు ఎన్నోసార్లు తన వేలు తానే పొడుచుకుని, ఏం తింటే ఎంత పెరుగుతోందో రాసుకున్నాడు. ఆ సంగతి రాసి పంపితే వైద్య పత్రికలు పట్టించుకోలేదు. నలభై దాటాక మెడికల్ కాలేజీలో చేరి, డాక్టరై, అప్పుడు చెప్పాడు. అంత కష్టపడి సంపాదించిన వస్తువు ఇప్పుడు మన వీధి చివరి మందుల షాపులో దొరుకుతోంది. దాన్ని మనం తాళం వేసి దాస్తున్నాం.

పేషెంటునొక్కణ్ణే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. డాక్టరుగారి గదిలోకి వెళ్లండి. గోడ మీద చెడిపోయిన కిడ్నీ బొమ్మ, పుండు పడ్డ పాదం బొమ్మ. టోకెన్ పట్టుకుని రెండు గంటలు కూర్చుంటే లోపల రెండు నిమిషాలు. "ఏంటిది, మళ్లీ పెరిగింది? రైస్ తగ్గించండి, వాకింగ్ చేయండి, మూడు నెలలాగి రండి." ఎంత తగ్గించాలి, దాని బదులు ఏం తినాలి అని అడిగేలోపు తర్వాతి టోకెన్ పిలుస్తారు. అసలు వండే ఇల్లాలు బయట బెంచీ మీద చెప్పులకు కాపలా. తిన్న రెండు గంటలకు ఒకసారి పొడిచి చూసుకుంటే ఉప్మా ఏం చేస్తోందో, పెసరట్టు ఏం చేస్తోందో నీ ఒంట్లోనే నీకు తెలుస్తుందని ఆ రెండు నిమిషాల్లో ఎవరూ చెప్పరు. తిట్లకు మాత్రం తీరిక ఉంటుంది. తిట్టే చోట అసలు అంకె చూపించే వెర్రివాడు ఎవడు? గోడ మీది కిడ్నీ భయపెడుతుంది, నిజమే. ఆ భయం ఆటో మిఠాయి కొట్టు దాటేవరకూ ఉంటుంది.

ఇక బంధువర్గం. "బెల్లంతో చేశాం బావగారూ, ఏం కాదు." బెల్లంలో ఉన్నదీ ఎక్కువపాళ్లు చక్కెరేనని చెబితే ఆడపడుచు అలుగుతుంది. బియ్యం సంగతీ అంతే. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో తెలంగాణ సోనా అనే వరి రకం తెచ్చారు. మామూలు సన్నబియ్యం కంటే అది చక్కెరను నిదానంగా పెంచుతుందన్నారు. మనవాళ్లకు అందులో "షుగర్‌కు మంచిది" అన్న మూడో వంతు మాటే చెవిన పడింది. మంచిదన్నాక ఒక గరిటె సరిపోతుందా? మందు కదా, ఇంకో రెండు గరిటెలు. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెబితే గుండెలు బాదుకుంటారేమో అనుకున్నాను. హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "అందరికీ ఉన్నదేగా!"

మొన్న ఒక గృహప్రవేశంలో ఒకాయన నా పక్క కుర్చీలో చేరాడు. జేబులో మీటరు, కొత్త స్ట్రిప్పులు, అన్నీ ఉన్నాయి. ముచ్చటేసింది. భోజనమై రెండు గంటలు కావస్తోంది, ఇప్పుడు ఒకసారి చూసుకోండి, బూరెల లెక్క తేలిపోతుంది అన్నాను. ఆయన నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఇవాళా? భలేవారే! ఇవాళ తిన్నాను కదండీ."