ఉపగ్రహం చూసిన అడవి

మన దేశంలో అడవి పెరిగింది. దెహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2023 నివేదిక ఆ మాటే చెప్పింది కాబట్టి కాదనడానికి లేదు. అడవులూ చెట్లూ కలిపి దేశ విస్తీర్ణంలో 25.17 శాతం. మరి మా ఊరి గుట్ట బోడిగుండులా ఎందుకుందని అడక్కండి. లెక్కల్లో మీ ఊరొక్కటే ఉండదు.

కిటుకు చిన్నదే. హెక్టారు నేల ఉండి, అందులో పదో వంతు మీద కొమ్మలు పరుచుకుంటే చాలు, అది అడవి. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతి అన్న ఆరాల్లేవు. ఈ లెక్కన కోనసీమ కొబ్బరితోట, నూజివీడు మామిడితోట, ఉద్దానం జీడితోట అన్నీ అరణ్యాలే. కౌలు రైతు వనవాసి. ఢిల్లీలో మంత్రుల బంగళాల ఆవరణలు కూడా ఈ పటంలో అడవిగా ఎక్కాయని 2023లో పత్రికలు బయటపెట్టాయి. అంటే పదవిలో ఉన్నన్నాళ్లూ వనవాసం, పదవి పోయాకే ఊళ్లో కాపురం. రామాయణం తిరగబడింది.

ఉపగ్రహం తప్పేమీ లేదు పాపం. పచ్చని ఆకు ఎర్రటి కాంతిని మింగేసి, మన కంటికి ఆనని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ తేడాను బట్టి కెమెరా చెట్టు ఆనవాలు పడుతుంది. కానీ 23.5 మీటర్ల చదరాన్ని ఒక్క చుక్కగా చూసే కెమెరాకు వందేళ్ల మద్దికీ, నాలుగేళ్ల జామాయిల్‌కీ తేడా పట్టుకోవడం కష్టం. అడవి కొట్టిన చోట తగ్గుతుంది, జామాయిల్ వేసిన చోట పెరుగుతుంది. కూడికలో చెల్లుకు చెల్లు.

1980ల్లో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, 1972-75లో 16.89 శాతం ఉన్న అడవి 1980-82 నాటికి 14.10కి పడిపోయిందని తేల్చింది. అటవీ అధికారులకు అది మింగుడుపడలేదు. పద్ధతి వేరు, స్కేలు వేరు అన్నారు. కొంత నిజమే కావచ్చు. చివరికి ఇరుపక్షాలూ కూర్చుని లెక్కలు సమన్వయం చేసుకుంటే అడవి పంతొమ్మిదిన్నర శాతం దగ్గర తేలింది. కె.ఎం.మున్షీ 1950లో వనమహోత్సవం పెట్టి సాధించలేనిది, బల్లకు అటూ ఇటూ కుర్చీలు వేసి సాధించారు.

బ్రెజిల్ వాళ్లకు ఈ నేర్పు లేదు. అక్కడి అంతరిక్ష సంస్థ ఇన్పే 1988 నుంచి ఏటా అమెజాన్ నరికివేతను కొలుస్తోంది. ఒకసారి నరికిన నేల మళ్లీ పచ్చబడినా ఆ లెక్కలో తిరిగి అడవిగా చేర్చరు. ఎంత మొండితనం! 2019లో నరికివేత పెరిగిందని ఆ సంస్థ చెబితే అధ్యక్షుడు బొల్సొనారో అబద్ధమన్నాడు. డైరెక్టర్ రికార్డో గల్వావ్ పదవి ఊడింది. ఆ ఏటి లెక్క మాత్రం పదివేల చదరపు కిలోమీటర్లు దాటింది. నిర్వచనం మార్చుకుంటే పోయేదానికి మనిషిని మార్చుకున్నారు.

మన హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలికి ఇంకో తిరకాసు. 2025 ఉగాది సెలవుల్లో బుల్డోజర్లు దిగి వందెకరాల దాకా చెట్లు కూల్చేశాయి. రికార్డుల్లో అది అడవే కాదని ప్రభుత్వం వాదించింది. తోటకు చెట్లుంటే చాలు, నెమళ్లు తిరిగే చోటుకు మాత్రం పట్టా కాగితం కావాలి. సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అయినా ముందు ముందు వచ్చే నివేదికలో ఆ వందెకరాల కోసం వెతక్కండి. ఈలోపు ప్రకాశం జిల్లాలో ఎవరి చేలోనో సుబాబుల్ ఏపుగా ఎదిగి లోటు పూడ్చేసి ఉంటుంది.