బుట్టెడు పిల్లలు, తట్టెడు ఫొటోలు

ఏటా ఎండలు ముదిరేసరికి మన తీరంలో ఓ జాతర మొదలవుతుంది. సూర్యలంక వంటి చోట్ల హేచరీల్లో పొదిగిన ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని బుట్టల్లో తెచ్చి ఇసుక మీద వదులుతారు. అధికారులు వంగుతారు, నాయకులు ఇంకాస్త వంగుతారు, కెమెరాలు అందరికంటే కిందికి వంగుతాయి. మర్నాడు సముద్రానికి దూరంగా ఉన్న పొదిలి బస్టాండులో టీ తాగేవాడికి కూడా పేపరు చెబుతుంది, తాబేలు జాతి గట్టెక్కిందని. ఆ సంగతి తెలియనిది తాబేళ్లకే.

లెక్క చూద్దాం. తల్లి తాబేలు ఒక గుంతలో సుమారు 100 గుడ్లు పెడుతుంది. వెయ్యి పిల్లల్లో పెద్దదై మళ్లీ ఒడ్డెక్కేది ఒక్కటేనని శాస్త్రజ్ఞుల అంచనా. దానికీ పదేళ్లు దాటుతుంది. అంటే ఒక్క తల్లి చస్తే ఆ లోటు తీరడానికి కనీసం పది గుంతల పిల్లలు కావాలి. ఆ తల్లులు ఎక్కువగా చచ్చేది ట్రాలర్ వలల్లో. గాలి పీల్చే ప్రాణి కనుక, వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక పోతుంది. 2025 జనవరిలో కాకినాడ తీరానికి తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చినప్పుడు ఉప ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. చచ్చాక విచారణ, పుట్టాక ఫొటో. మధ్యలో బతికే పదేళ్లకు మాత్రం దిక్కులేదు. మిరప నారుమడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, నాటిన చేలోకి గొడ్లను తోలితే పొదిలి రైతు నవ్వడా?

'అయితే గుడ్లను కుక్కలకూ నక్కలకూ వదిలేయమంటారా?' అనవచ్చు. వద్దు, హేచరీలు ఉండాల్సిందే. అదే మొత్తం సంరక్షణ అనడమే తగదు. 'మత్స్యకారుల పొట్ట కొడతారా?' అన్నది ఇంకో మాట. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు రాకూడదన్న నిబంధన కాపాడేది చిన్న పడవల వాళ్లనే. ఆ గీత దాటే ట్రాలర్ తాబేలునీ, చిన్న పడవ కూడునీ కలిపే లాక్కుపోతుంది. తాబేలు తప్పించుకునే చట్రాన్ని వలకు బిగిస్తే కొంత చేప పోవచ్చు. ఏటా వేసవి వేట నిషేధానికి భృతి ఇచ్చే సర్కారు ఆ నష్టమూ భరించగలదు. పైగా ఆ నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. తాబేళ్లు గుడ్లకు వచ్చేది ప్రధానంగా జనవరి నుంచి మార్చి దాకా. పాపం, వాటికి మన క్యాలెండరు అందలేదు.

'తీరం అభివృద్ధి చెందొద్దా?' చెందాలి. రామాయపట్నం రేవుకు 2019లో ఒకసారి, 2022లో మరోసారి శంకుస్థాపన చేసుకున్నవాళ్లం, మనకు ఓపిక తక్కువా? అందులో కాస్త తీరంలోని రాత్రి దీపాల మీద చూపితే చాలు. రాత్రిపూట గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగు కనబడ్డ వైపే పాకుతుంది. రిసార్టు ఫ్లడ్‌లైట్లు వెలిగితే సముద్రానికి వీపు తిప్పుతుంది. పిల్లలు బయటికొచ్చే నెలల్లో ఆ దీపాలు ఆర్పడానికి కావాల్సింది నిధులు కాదు, స్విచ్చి మీద వేలు.

అందుకే వచ్చే సీజన్లో వదిలిన పిల్లల సంఖ్య పక్కనే మరో రెండు లెక్కలు అచ్చువేయండి: ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్లెన్ని, గీత దాటి జరిమానా కట్టిన ట్రాలర్లెన్ని. ఆ రెండూ చూపనంత కాలం ఇది తాబేళ్ల సంరక్షణ కాదు, ఫొటోల సంరక్షణ.