నా మూత మీద నాలుగు పేర్లు

నేనొక మిలటరీ ట్రంకు పెట్టెనండి. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ఉత్త మాధవరం అంటే చాలామందికి తెలియదు, మిలటరీ మాధవరం అనాలి. నల్ల రేకు ఒళ్లు, రెండు పక్కలా పిడులు, ముందు గొళ్లెం, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, హోదా, పేరు. ఇదీ నా వాలకం.

1942లో కొత్తగా పటాలంలో చేరిన ఓ కుర్రాడు నన్ను కొనుక్కున్నాడు. ఆ ఏడాదే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. యుద్ధం ఎక్కడో పై దేశాల్లో జరిగేదన్న ధీమా గోదావరి జిల్లాల్లో ఆ రోజుతో పోయింది. మావాళ్లకు మాత్రం యుద్ధం అప్పటికే పాత చుట్టం. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్లారని చెప్పుకుంటారు. ఆ రెండు యుద్ధాల నడుమ ఓ అవమానం కూడా ఉంది. దక్షిణాదివాళ్లు యుద్ధాలకు పనికొచ్చే జాతి కాదని దొరలు తేల్చేసి, 1920ల్లో మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటే ఎత్తేశారు. వంతెనలు కట్టే, కందకాలు తవ్వే సాపర్లను మాత్రం ఉంచుకున్నారు. మళ్లీ యుద్ధం నెత్తిమీదికొచ్చేసరికి ఆ సిద్ధాంతం అటకెక్కింది, మద్రాసు రెజిమెంటు తిరిగి లేచింది.

మా కుర్రాడు బర్మా వెళ్తూ నన్ను డిపోలో వదిలాడు. అక్కడ మాలాంటి పెట్టెలు వరసగా, అన్నీ తాళాలతో. యుద్ధం అయ్యాక ఒక్కొక్కరే వచ్చి తమ నంబరు వెతుక్కుని తీసుకెళ్లారు. ఎవరూ రాని పెట్టెలకు చీటీలు కట్టి రైల్లో ఇళ్లకు పంపారు. అలా పంపిన పెట్టెల సొంతదారుల్లో కొందరికి సమాధి కూడా లేదు. రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానంలో, సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లు రాతిస్తంభాల మీద చెక్కారట. ఢిల్లీ ఇండియా గేటు మీద అంతకుముందు యుద్ధాల్లో పోయినవాళ్లవి 13,000కు పైగా పేర్లున్నాయి. రాయి ఎక్కాలంటే మనిషి తిరిగి రాకూడదు. మావాడు తిరిగొచ్చాడు కాబట్టి నామీదే మిగిలాడు.

ఆయన కొడుకు 1964లో చేరాడు. నాన్న పేరు మీద నల్లరంగు పూసి, ఆరాక తన పేరు రాయించుకున్నాడు. నా కడుపులో నాన్న బర్మా స్టార్ పతకం పక్కన 1971 యుద్ధం నాటి పూర్వీ స్టార్ చేరింది. వాటి కింద డిశ్చార్జి బుక్కు, పెన్షను కాగితాలు, నాఫ్తలీన్ ఉండలు. మనవడు చేరినప్పుడు మూడో పూత పడింది. ఇంతలో ఊళ్లో పిల్లలకు మేజర్, కెప్టెన్, కల్నల్ అనే పేర్లు పెట్టేశారు. వీధిలో "ఒరే కల్నలూ, అన్నానికి రారా" అని కేకేస్తే, బనీను వేసుకున్న బుడ్డోడు పరిగెత్తుకొస్తాడు.

ఢిల్లీ అమర్ జవాన్ జ్యోతిని తలపించేలా మా ఊళ్లోనూ ఓ స్మారకం కట్టారు. వచ్చిన పెద్దమనుషులు దానికి దండ వేసి, ఫొటో దిగి వెళ్తారు. నాకు అసూయేమీ లేదండి. పోయినవాళ్లకు ఆ మాత్రం రాయి ఉండాల్సిందే. కానీ పాతికేళ్లు మంచులో కాపలా కాసి, మోకాళ్లు అరిగి, ఇంటికొచ్చి కొబ్బరితోట చూసుకునే హవల్దారుకు ఏ స్తంభమూ లేదు. ఆయన సర్వీసంతా ఓ ట్రంకు మూత మీద రెండు వరసలే. ఈ ఊళ్లో ఎన్ని అటకలున్నాయో అన్ని స్మారకాలున్నాయని నా లెక్క.

ఇప్పుడు మునిమనవడు అగ్నివీరుడయ్యాడు. 2022లో వచ్చిన ఆ పద్ధతిలో సర్వీసు నాలుగేళ్లే. ఆ తరవాత నూటికి పాతికమంది దాకానే ఉంచుకుంటారు. చక్రాల బ్యాగు కొనుక్కున్నాడు కానీ, వెళ్లేముందు నన్ను దింపి నాలుగో పేరు రాయించాడు. "నాలుగేళ్లకి పెయింటు దండగ కదరా" అన్నారు వాళ్ల తాత. "తిరిగొచ్చేవాడికే కదండీ తాతయ్యా పెట్టె మీద పేరు" అన్నాడు వాడు. రంగు వేసేముందు గరుక్కాగితంతో రుద్దారు గానీ, 1942 నాటి అడుగుపూత దాకా పోనివ్వలేదు. ఐదో పేరుకూ మూత మీద చోటుంది.