టాపెట్ చెప్పిన చాడీ

సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడులో పుట్టిపెరిగినవాణ్ణి. మా బాపు సిరిసిల్ల నుంచి సూరత్ లింబాయత్‌కి వలస వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి ఆయన చెవులే. షెడ్డులో యాభై మగ్గాలు ఒక్కసారే మొత్తుకుంటున్నా, గుమ్మంలో నిలబడి ఏ వరసలో ఏ సాంచా బోల్టు వదులైందో చెప్పేవాడు. ఆ చెవులు నాకూ వచ్చాయని చెప్పుకుంటూ పిపోదరాలో పదిహేనేళ్లుగా సాంచాల మాస్టర్‌గిరీ వెలగబెడుతున్నాను. కాపురం కిమ్‌లో.

మరి అంతటి చెవులకు సొంత కారులో టిక్కుటిక్కుమనే చప్పుడు ఎనిమిది నెలలు ఎందుకు వినపడలేదు?

వినపడింది. కాకపోతే దాని గురించి ఎవరితోనైనా మాట్లాడితే ఇంజన్ ఆయిల్ మాట వస్తుంది. ఆయిల్ మార్పించమని దీపావళికి మా ఆవిడ నా చేతిలో పెట్టిన డబ్బు మాట వస్తుంది. ఆ డబ్బు నా కారు వెనకసీటు మీద రెండు స్పీకర్ల రూపంలో వెలసింది. "ఫ్రెండు ఊరికే ఇచ్చిండు" అని చెప్పాను. చప్పుడు పెరిగినప్పుడల్లా పాట పెంచాను. ఆయిల్ డబ్బుతో కొన్న స్పీకర్లు ఆయిల్ మార్చని ఇంజన్ గొంతు నొక్కడానికి భలే పనికొచ్చాయి.

నేనేమీ చేయలేదనుకోకండి. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు దొంగచాటుగా వాల్వ్ కవర్ విప్పాను. వాల్వ్‌ని తొక్కే రాకర్‌కీ ఆ వాల్వ్‌కీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటర్‌లో పదోవంతుకు కాస్త ఎక్కువ. ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే అన్నీ లెక్క ప్రకారమే. అయినా టిక్కుటిక్కు. అరిగిన రాకర్ మీద చిన్న గుంట పడుతుందనీ, గేజ్ రేకు ఆ గుంట మీద వంతెనలా పడుకుని "అంతా బాగుంది సార్" అని అబద్ధం చెబుతుందనీ తర్వాత తెలిసింది. అప్పటికి తెలియక స్క్రూ ఇంకాస్త బిగించాను. చప్పుడు ఆగింది! ఆ సాయంత్రం నాకు నేనే వీరతాడు వేసుకున్నాను. మర్నాడు ఇంజన్ వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోక, బండి చలిజ్వరం పట్టినట్టు వణికింది. 48వ నంబరు హైవే మీద ఫ్లైఓవర్ ఎక్కడానికి రెండో గేరు వేశాను. వెనక నుంచి లారీవాళ్లు నన్ను గుజరాతీలో దీవించారు. స్క్రూ మళ్లీ వదులు చేశాను, చప్పుడు మళ్లీ ఇంటికొచ్చింది.

లింబాయత్‌లో పెళ్లికి బయల్దేరిన రోజు కిమ్ చార్ రస్తా దగ్గర స్పీకర్ వైరు ఊడింది. ఒక్కసారిగా నిశ్శబ్దం, అందులో టిక్కుటిక్కు. ఆవిడ చిన్నప్పుడు కండెలు చుడుతూ పెరిగిన మనిషి. ఒక నిమిషం విని, ఒళ్లోని గిన్నె మూత మీద వేలితో తాళం వేసింది.

"ఏందయ్యా, టాపెట్ అరిగిన సాంచా లెక్క కొడ్తున్నది?"

నా పదిహేనేళ్ల మాస్టర్‌గిరీ అక్కడే పోయింది. సాదా నేత సాంచాలో పై క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీది టాపెట్లే పడుగుదారాన్ని ఎత్తి దించుతాయి. కారు ఇంజన్‌లోనూ అదే సగం లెక్క. క్రాంక్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ 400 చుట్లు తిరిగి, ఒక్కో వాల్వ్‌ని 400 సార్లు తొక్కుతుంది. కుర్రాళ్లకు రోజూ నేను చెప్పే పాఠమే అది.

కారు మెకానిక్ దగ్గరికి చేరింది. అతను ఆయిల్ దించాడు. ఆముదం కంటే చిక్కగా, తారు రంగులో దిగింది. "తేల్ ఛెల్లే క్యారే బదల్యుం?" అన్నాడు. ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చావని. "దివాళీ" అన్నాను. "కఈ దివాళీ?" అన్నాడు నిర్దాక్షిణ్యంగా. ఏ దీపావళో చెప్పమంటే ఏం చెబుతాను? పక్కన నిలబడ్డ మా ఆవిడకి గుజరాతీ నాకన్నా బాగా వచ్చు.

తర్వాత ఓ పాత స్పీకర్ అయస్కాంతాన్ని ఆ ఆయిల్లో ముంచి తీశాడు. దాని నిండా ఉక్కు నూగు. ఆవిడ ఆ అయస్కాంతాన్ని చూసింది. కారు వెనకసీటు మీదికి చూసింది. మళ్లీ అయస్కాంతాన్ని చూసింది. నేను టైర్లలో గాలి చూడసాగాను.

కవర్ తీస్తే, క్యామ్‌షాఫ్ట్ మీది గుడ్డు ఆకారపు ఉబ్బుల్లో అయిదు నిగనిగలాడుతున్నాయి. ఆరోదాని మొన అరిగి గోళీ అయ్యింది, పైన చీమలు కొరికినట్టు గుంటలు. మైక్రోమీటర్‌తో కొలిస్తే పక్కదానికన్నా ఒకటిన్నర మిల్లీమీటర్లు తక్కువ. ఆ రాకర్‌కి నూనె అందించే సన్నదారి మడ్డితో పూడుకుపోయి ఉంది. అది శుభ్రం చేయకుండా కొత్త షాఫ్ట్ వేస్తే దానికీ అదే గతి. కొత్త షాఫ్ట్ మీద పాత రాకర్లు నడిపితే అవి దాన్నీ తినేస్తాయి. కాబట్టి రాకర్లు కూడా కొత్తవే. బిల్లు ఎంతో రాయను. ఆ మొత్తానికి కొన్నేళ్లపాటు ఆయిల్ మార్పించుకోవచ్చని మా ఆవిడ మెకానిక్ ముందే లెక్క కట్టింది.

స్పీకర్లు ఇంకా ఉన్నాయి. వంటింటి క్యాలెండర్లో గ్యాస్ సిలిండర్ తేదీ పక్కనే ఇప్పుడు ఆయిల్ తేదీ ఉంటుంది. ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, జ్వరం చూసే గొట్టంలా వంటింటి కిటికీ వైపు ఎత్తి చూపిస్తాను. ఆవిడ టీ వడకడుతూ ఓ కన్ను వేస్తుంది.

"ఇంకోపారి తుడిచి ముంచు" అంటుంది.