ఇన్‌క్లూడెడ్ పార్టీకి అఖండ మెజారిటీ

హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్ జీవితంలో మూడు ఘట్టాలుంటాయి: ఐఐటీ కోచింగు, అమెరికా వీసా, అండమాన్ ప్యాకేజీ. మొదటి రెండూ పిల్లల ఖాతాలో పడతాయి. మూడోది మాత్రం తల్లిదండ్రుల స్వార్జితం. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి రాధిక చౌరస్తా దాకా ఏ టిఫిన్ సెంటర్లో చెవి పెట్టినా "మీది ఐదు రాత్రులా, ఆరు రాత్రులా?" అనే పలకరింపే. సర్వీసులో ఉన్న కేంద్ర ఉద్యోగులకైతే సొంతూరికి వెళ్లే ప్రయాణ రాయితీ ఎల్‌టీసీని అండమాన్‌కి మార్చుకుని విమానంలో వెళ్లే వెసులుబాటు కూడా ఉంది. కాకపోతే సర్కారువారు ఇచ్చేది రానుపోను ఛార్జీలే. అక్కడ దిగాక లోకల్‌గా తిరిగినదానికి నయాపైసా రాదు. అంటే బంగాళాఖాతం దాటించే పూచీ ప్రభుత్వానిది, అందులోకి తొంగిచూసే పూచీ మీది.

ఆ తొంగిచూడటం దగ్గరే మా అపార్ట్‌మెంట్ రెండుగా చీలింది.

ట్రావెల్స్ కుర్రాడు తెచ్చిన రంగుల కాగితానికి ముందువైపు పెద్దక్షరాల్లో ఉన్నవన్నీ ఇన్‌క్లూడెడ్: సెల్యులార్ జైలు, అక్కడి లైట్ అండ్ సౌండ్ షో, చిడియా టాపులో సూర్యాస్తమయం, హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్, రోజూ పొద్దున బ్రెడ్డూ జామూ. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నవన్నీ ఎక్స్‌ట్రా: గ్లాస్ బాటమ్ బోటు, స్నార్కెలింగ్, ఎలిఫెంట్ బీచ్, జాలీ బోయ్ దీవి. క్లుప్తంగా చెప్పాలంటే పగడపు దిబ్బలు ఎక్కడుంటే అక్కడల్లా ఎక్స్‌ట్రా. నార్త్ బే సంగతి మరీ విచిత్రం. అక్కడి దాకా పడవ టికెట్టు ప్యాకేజీలోనే ఉంది. దిగాక నీళ్లలో ఉన్నదాన్ని చూడాలంటే మాత్రం విడిగా కట్టాలి. పెళ్లికి పిలిచి, బంతి దగ్గర కూపన్ అడిగినట్టు.

ఎక్స్‌ట్రాలకి డబ్బు కట్టాలా వద్దా తేల్చడానికి సర్వసభ్య సమావేశం పెట్టారు. మా దగ్గర సమావేశమంటే ఆషామాషీ కాదు. ఈసీఐఎల్‌ను నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరే ఈ నగర్‌కి పెట్టారు. 1967లో పుట్టిన ఆ సంస్థలో రిటైరైనవాళ్లు ఫ్లోరుకి ఇద్దరుంటారు. దేశానికి ఓటింగ్ యంత్రాలు చేసిపెట్టే సంస్థలు రెండే అయితే అందులో ఒకటి ఇది. చంద్రయాన్ కబుర్లు వినడానికి బెంగళూరు పక్కన బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నా ఇక్కడివాళ్ల పనితనమే. చంద్రుడి దగ్గర్నుంచి వచ్చే గుసగుసను పట్టుకున్న ఈ చెవులకి, ట్రావెల్స్ కుర్రాడు గొణిగిన "కండిషన్స్ అప్లై" మాత్రం అందలేదు.

చేతులెత్తి తేల్చేద్దామని సెక్రటరీ అన్నారు. ఈవీఎంలు చేసిన కాలనీలో అలాంటి మాట అనొచ్చా? రహస్య బ్యాలెట్ ఉండాలన్నారు ఒకరు. 2013లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి నోటా ఉండి తీరాలన్నారు ఇంకొకరు. వేసిన ఓటు స్లిప్పు అద్దం వెనక 7 సెకన్లు కనపడాలని, లేకపోతే లెక్కింపును గుర్తించేది లేదని మూడో రావుగారు లేచారు. చివరికి వాచ్‌మన్ గదిలోంచి వినాయకచవితి హుండీ తెప్పించారు. మెయింటెనెన్స్ రసీదుల వెనక రాయాలని ఒప్పందమైంది.

ఇన్‌క్లూడెడ్ పార్టీ తరఫున మాజీ అకౌంట్స్ ఆఫీసరు గారు ప్రచారం మొదలుపెట్టారు. "అయ్యా, నీళ్లలో రాళ్లు చూడ్డానికి తలకింత అని కట్టడమేమిటి? మన మౌలాలీ గుట్ట నిండా రాళ్లే. పైగా తడవక్కర్లేదు." చప్పట్లు. ఆయన జేబులోంచి పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు తీసి తిప్పి చూపించారు. దాని వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌసు ఉన్నాయి. అది అండమాన్‌లోని మౌంట్ హారియట్ మీంచి కనపడే నార్త్ బే దృశ్యమే. "ఇదిగో నార్త్ బే. రిజర్వు బ్యాంకు ఎప్పుడో చూపించేసింది. మళ్లీ డబ్బులిచ్చి చూడటమెందుకు?" కొత్త ఇరవై నోటు మీద ఎల్లోరా గుహలు వేశారు కదా అని ఎవరో అంటే, "అదింకా మేలు, అక్కడికి బస్సులోనే పోవచ్చు" అన్నారు.

ఆయన నోటు పట్టుకున్న చేతికి ఎర్రటి పగడపు ఉంగరం ఉంది. కుజుడు శాంతించాలని జ్యోతిష్కుడు చెబితే జనరల్ బజార్లో బేరం కూడా ఆడకుండా కొన్నారట. ఆభరణాల్లో వాడే ఆ ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం వైపు నుంచి వస్తుంది. దిబ్బలు కట్టే పగడాల జాతి వేరు. ఆ తేడా కుజుడికి తెలుసో లేదో గానీ, మన ధరల పట్టికలో మాత్రం స్పష్టంగా ఉంది. చచ్చిన పగడాన్ని వేలికి తొడుక్కోవడానికి వేలు పోస్తాం. బతికున్నదాన్ని కంటితో చూడటానికి వందల దగ్గర గొంతు పట్టేస్తుంది.

ఎక్స్‌ట్రా పార్టీకి దిక్కు ఒక్కరే. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో చేసి రిటైరైన సైంటిస్టు గారు. ఆయన ప్రొజెక్టరు తెచ్చారు. ప్రజాస్వామ్యంలో ప్రొజెక్టరు తెచ్చినవాడు నెగ్గిన దాఖలా లేదు. "అది రాయి కాదండీ, జంతువు. గోరంత పాలిప్‌లు లక్షలాదిగా గుంపుకట్టి, తమ అడుగున సున్నపురాయి పేర్చుకుంటూ పోతాయి. వాటి ఒంట్లో కంటికి కనపడని శైవలాలు కాపురముండి, ఎండ పట్టి వండిపెడతాయి. ఆ రంగూ వాటిదే. సముద్రగర్భంలో ఈ దిబ్బలు ఆక్రమించింది నూటికి ఒక వంతు కూడా కాదు. కానీ సముద్రజీవుల జాతుల్లో పావువంతుకి అవే ఆసరా." వెనక వరసలోంచి ప్రశ్న వచ్చింది: "జంతువైతే జూ ఉండగా అండమాన్ ఎందుకండీ?" దాంతో ప్రొజెక్టరు వైరు ఎవరో కాఫీ కెటిల్ కోసం పీకేశారు.

అప్పుడు మూడో అంతస్తు వదినగారు మాట్లాడారు. కూతురూ అల్లుడూ తీసుకెళితే ఆమె నిరుడే జాలీ బోయ్ చూసొచ్చారు. 1983లో ఏర్పాటు చేసిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఆ దీవి ఒకటి. అక్కడికి సగం ఏడాదే పంపిస్తారు. తక్కిన సగం దానికి సెలవిచ్చి రెడ్ స్కిన్ దీవికి పంపిస్తారు. అటవీశాఖ పర్మిట్టు కావాలి, అవీ రోజుకి ఇన్నేనని లెక్క. వాండూరు జెట్టీ దగ్గర సంచులు వెతికి, ప్లాస్టిక్ కవర్లు లోపలికి రానివ్వరు. "నా చేగోడీల కవరు అక్కడే ఆగిపోయింది. స్టీలు డబ్బాలో పులిహోర మాత్రం దీవి దాకా వచ్చింది" అన్నారు వదినగారు. సభ మొదటిసారి శ్రద్ధగా విన్నది అప్పుడే.

"దీవికి జెట్టీ లేదు. గ్లాస్ బాటమ్ బోటులోకి దిగాలి. గాజు మీద గీతలున్నాయి, ముందు ఏమీ కనపడలేదు. మా అల్లుడు డబ్బు దండగంటూ మొదలుపెట్టాడు. ఇంతలో నీడ పడ్డచోట అడుగు తేరుకుంది. మెదడులా ముడతలు పడ్డ బండ ఒకటి, మన రోలంత ఉంటుంది. దాని పక్కన పెదవులు తెరిచిన ఆల్చిప్ప, లోపలంతా ఊదా నీలం. పడవ నీడ మీదకి రాగానే టక్కున మూసుకుంది. అంత నిదానంగా ఉన్నదానికి అంత భయమేమిటా అనిపించింది. దిగి చూద్దామని పిల్ల కాలు పెట్టబోతే పడవతను అరిచాడు: కాలెట్టకండి తల్లీ, రాయి కాదది, పేనమున్నాది."

పడవతను తెలుగువాడే. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన కుటుంబమట. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవులవాళ్లలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఈ ముక్క వినగానే సభలో ఆశలు మొలకెత్తాయి. పగడాల మీద కాదు. "తెలుగతనేనా? అయితే బేరమాడొచ్చు" అన్నారు అకౌంట్స్ ఆఫీసరు గారు.

ఓట్లు లెక్కించారు. ఇన్‌క్లూడెడ్‌కి 15, ఎక్స్‌ట్రాకి 4, నోటాకి 3. గెలుపు సంబరంలో వెంటనే ఇంకో తీర్మానం ఏకగ్రీవమైంది: మన సాంబారు అక్కడ దొరకదు కాబట్టి కాలనీ వంటమనిషిని విమానంలో వెంట తీసుకెళ్లాలి. అది ఎక్స్‌ట్రా కాదా అని సైంటిస్టు గారు అడిగితే, "అది ఖర్చు కాదండీ, భోజనం" అన్నారు. బృందానికి ఒకే రంగు టీషర్టులు కూడా ఏకగ్రీవమే.

గెలిచినవాళ్లు దేన్ని గెలిచామనుకుంటున్నారో కాస్త చూద్దాం. జైలు చూడాల్సిందే, అందులో రెండో మాట లేదు. రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన మన్యం మనుషుల్నీ 1920ల్లో ఆ దీవులకే పంపారు. వాళ్లు కాగితం వెనకవైపు చదువుకుని వెళ్లలేదు. కానీ బీచ్ సంగతో? పగడపు దీవుల తెల్ల ఇసుకలో ఎంతో భాగం పగడాల పొడే. చిలకచేప తన ముక్కులాంటి పళ్లతో దిబ్బ మీది పాచిని సున్నంతో సహా కొరికి, నమిలి, అరగని సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చేపైతే ఒక్కటే ఏడాదికి వందల కిలోలు. టీషర్టులేసుకుని గ్రూపు ఫొటో దిగబోయే తెల్లటి ఇసుకలో ఎంతో కొంత అలా తయారైన బాపతే. పోటు మీదున్న అలని ఒడ్డుకి రాకముందే అడ్డుకునేదీ ఆ దిబ్బలే. 2014లో అచ్చయిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం అల శక్తిలో సగటున 97 శాతం పగడపు దిబ్బల దగ్గరే చల్లారిపోతుంది. ముందువైపు పెద్దక్షరాలన్నిటికీ జీతం లేకుండా పనిచేస్తున్నది వెనకవైపు చిన్నక్షరం. దాన్నే మనం ఓటేసి కొట్టేశాం.

ఇది మనకి కొత్త కాదు. ఈ చుట్టుపక్కల ఇళ్లస్థలాలు కొన్నప్పుడు కాప్రా చెరువు గాలి ఇన్‌క్లూడెడ్. దానికంటూ ఎవరూ విడిగా కట్టలేదు, కాబట్టి దాని లెక్కా ఎవరూ అడగలేదు. మురుగు చేరింది, గుర్రపుడెక్క అల్లుకుంది. ఇప్పుడు ఆ గాలే ముక్కు మూసుకునే ఎక్స్‌ట్రా అయింది. మన భయం ఖర్చంటే కాదు, ఎక్కడ మోసపోతామోనని. అందుకే డబ్బు ముందే కట్టేసిన చోట నిశ్చింతగా కళ్లు మూసుకుంటాం. ఇంకా కట్టని చోట మాత్రం భూతద్దం తీస్తాం.

ఎక్స్‌ట్రా పార్టీకి వేసిన నలుగురూ పుణ్యాత్ములని తొందరపడి అనుకోకండి. డబ్బు కట్టినవాడి ధీమా ఇంకో రకం. కట్టాం కాబట్టి నిలబడతాం, కట్టాం కాబట్టి ముట్టుకుంటాం, కట్టాం కాబట్టి షోకేసులోకి ఓ ముక్క తెచ్చుకుంటాం. బండలా ఎదిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. సెల్ఫీ కోసం ఒక్క తొక్కు తొక్కితే మన సర్వీసంత కాలం కింద నలిగిపోతుంది. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు. పులిపిల్లని బ్యాగులో వేసుకొచ్చేవాడు కాలనీలో ఎవరూ లేరు. పగడం ముక్క పర్సులో పెట్టుకొద్దామనుకునేవాళ్లు మాత్రం నలుగురిలో ఇద్దరు.

కాబట్టి ఏజెంటుని అడగాల్సింది ఇన్‌క్లూడెడా, ఎక్స్‌ట్రానా అని కాదు. ఏ దీవి? ఆ నెల్లో అది తెరిచే ఉంటుందా? పర్మిట్టు ఎవరు తీస్తారు? పడవలో ఎంతమంది, ఎంతసేపు? నీళ్లలో దిగేవాళ్లకి కాలు ఎక్కడ పెట్టకూడదో చెప్పే మనిషి ఉంటాడా? వీటికి జవాబు చెప్పగలిగినవాడికి ఇచ్చే డబ్బు దండగ కాదు. జవాబు తెలియనివాడు ఫ్రీగా తీసుకెళతానన్నా వద్దు.

ఫలితం మీద సైంటిస్టు గారు రివ్యూ పిటిషన్ వేశారు. నీళ్లు మామూలుకంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, శైవలాలు ఇల్లు ఖాళీ చేసి పగడం తెల్లగా పాలిపోతుందని, అండమాన్‌లో 1998, 2010, 2016ల్లో అదే జరిగిందని, 2024లో ప్రపంచవ్యాప్తంగా నాలుగో విడత మొదలైనట్టు శాస్త్రవేత్తలు ప్రకటించారని, చూడాలంటే ఇప్పుడే చూడాలని అందులో రాశారు. కోరం లేనందున పిటిషన్‌ని వచ్చే ఆదివారానికి వాయిదా వేశారు. సముద్రం వేడెక్కడానికి కోరం అక్కర్లేదు.